స్పేర్ పార్టుల ఆంటీ

ఆ రోజుల్లో, అంటే తార్నాకకు మెట్రో వచ్చిన కొత్తలో, నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎం.టెక్. చదువుతుండేవాణ్ణి. (చదువుతున్నానని మా నాన్న బంధువులకు చెప్పేవారు. నేను ఎక్కువగా ఫోనులో పాత కార్ల ఫోటోలు చూస్తుండేవాణ్ణి.) ఆ వయసులో ఎక్కడికి వెళ్లాలో తెలియదు గానీ, అక్కడికి చాలా తొందరగా వెళ్లాలని మాత్రం గట్టిగా ఉంటుంది. కొందరికి ఆ తొందర ప్రేమగా వస్తుంది, కొందరికి సివిల్స్ కోచింగుగా వస్తుంది. నాకు కారుగా వచ్చింది. అదీ సంసారపక్షం కారు కాదు. టర్బో ఇంజిన్ ఉండాలి, నేలకు ఆనేంత కిందికి దించి ఉండాలి, వస్తుంటే రెండు వీధుల అవతలి వాళ్లకు తెలియాలి. కొత్తది కొనడం ఈ జన్మకు కాని పని కనుక ఎవరో మోజుపడి వాడి వదిలేసినదాని కోసం వెతికేవాణ్ణి. ఈ వెతుకులాటలో నాకు తోడు నా రూమ్మేటు. జనగామ దగ్గర పత్తి పండించే ఇంటి నుంచి వచ్చినవాడు. ప్రొఫెసర్లు లేనప్పుడు వాళ్లతో సహా లోకంలో అందరినీ "కాకా" అనేవాడు కనుక చివరికి ఆ పేరు అతనికే అంటుకుంది.

ఒకనాడు కాకా ఫోను నా మొహం మీద పెట్టి, "గిది చూడు ర భయ్, ఎర్రగ మిరపకాయ లెక్క ఉన్నది. యాడనో గాదు, మన తార్నాకలనే" అన్నాడు. సాయంత్రానికల్లా ఆ అపార్ట్‌మెంట్ పార్కింగులో నిలబడి ఉన్నాం. కారు మీద కవరు, కవరు మీద దుమ్ము, దుమ్ములో పిల్లి అడుగులు. కవరు తీయబోతుంటే మెట్ల మీద నుంచి ఒకావిడ గొంతు వినిపించింది. "బాబూ, కారును తరవాత చూద్దురుగాని. ముందు పైకి రండి, మిమ్మల్ని చూడాలి."

ఉద్యోగాల ఇంటర్వ్యూలు తరవాత చాలా చూశాను గానీ అంత కఠినమైనది మళ్లీ చూడలేదు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి, కాకినాడ వైపు మనిషి. భర్త రైల్వేలో పనిచేసేవారు. ఆయన ఓ మూల కుర్చీలో కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవారు. "సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగింది ఆంటీ. నేను లేదన్నాను. కాకా నిజాయితీపరుడు కనుక "ఎప్పుడన్న ఒకటి" అన్నాడు. "కారులో కాల్చకూడదు. కారు కొంటున్నట్టు మీ అమ్మగారికి తెలుసా?" తెలుసన్నాను. "అయితే ఫోను కలుపు." మా ఊళ్లో ఉన్న మా అమ్మకు అప్పటిదాకా ఏ సంగతీ తెలియదు. వాళ్లిద్దరూ నా కారు గురించి కాసేపు, ఆవకాయ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివర్లో మా అమ్మ నాతో, "ఎవరో మంచావిడలా ఉందిరా. నువ్వు కొంటే కొన్నావు గానీ, ఆవిణ్ణి విసిగించకు" అంది. అలా నాకు ఇంటి అనుమతి ఆంటీ ద్వారా దొరికింది.

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. మా ఈడు కుర్రాడే. మేమిద్దరం చూడనట్టు నటిస్తూ చూశాం. కాకా ఆగలేక, "యాక్సిడెంటా ఆంటీ?" అన్నాడు. పేపరు వెనక అంకుల్ కదిలారు. ఆంటీ మాత్రం నేరుగా మా వైపే చూసింది. "అందరూ అదే అడుగుతారు. కారు వాణ్ణేం చేయలేదు నాన్నా. జ్వరం. డెంగ్యూ. వారం కూడా ఆగలేదు." తరవాత లేచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నడుస్తుంటేనే బండి బాగుంటుందనేవాడు. అందుకే ఇస్తున్నా."

కారు నడిచింది గానీ, నడకలో ఆయాసం ఉంది. తార్నాక చౌరస్తాలో ఒక షేర్ ఆటో, లోపల కిక్కిరిసిన జనంతో సహా, మమ్మల్ని దాటిపోయింది. మౌలాలి గుట్ట కింద తెలిసిన మెకానిక్ ఒకాయన బానెట్ ఎత్తి, చాలాసేపు చూసి, పెదవి విరిచాడు. "ఎవడో షౌకీన్ మనిషి ఉండె భాయ్. పూరా ఇప్పిండు, మల్ల బిగియ్యలే. టర్బో పైపు లేదు, బండిని కిందికి దించే స్ప్రింగులు లేవు, సైలెన్సర్ ఎవరిదో తెచ్చి కట్టిండ్రు. అసలు సామాన్ ఆ ఇంట్లనే ఉంటది, పోయి అడుగుండ్రి."

పోయి అడిగాం. "ఉంటుంది నాన్నా, వెతకాలి. ఈలోగా భోంచేయండి" అంది ఆంటీ. గోంగూర పప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు. మేం తింటున్నంతసేపూ ఆవిడ వెతకలేదు, వడ్డించింది. చేతులు కడుక్కున్నాక లోపలికి వెళ్లి పైపు తెచ్చింది, పాత నేత చీర ముక్కలో చుట్టి. "మరి స్ప్రింగులు?" అన్నాను. "అవెక్కడ పెట్టానో! వచ్చే ఆదివారం రండి, చూసి ఉంచుతా."

అక్కడ మొదలైంది మా తిరుగుడు. ఆదివారం వెళ్తే ముందు చక్రాల స్ప్రింగులు దొరికాయి, వెనకవి దొరకలేదు. ఒక వారమంతా మా కారు మూతి కిందికి, వెనక భాగం పైకి పెట్టుకుని, నేల వాసన చూస్తున్న కుక్కలా క్యాంపస్‌లో తిరిగింది. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులు ఆగి మరీ చూసేవారు. "బాబూ, దేనికోసం వెతుకుతోంది?" అని ఒకాయన అడిగాడు కూడా. ఆ పై వారం వెనక స్ప్రింగులు, దానితో పాటు చేపల పులుసు. మరో వారం గేరు రాడ్ మీద బిగించే గుండు, దానితో పాటు పులిహోర. మా హాస్టల్లో ఆవిడకు స్పేర్ పార్టుల ఆంటీ అని పేరు పడిపోయింది. మేం తింటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేది. పరీక్షలెప్పుడు, జుట్టెందుకలా పెంచావు, హాస్టల్లో దోమతెర కట్టుకుంటున్నారా. (ఈ చివరి ప్రశ్న ప్రతి వారం అడిగేది. ఒకసారి కాకా లేదంటే, వెళ్లేటప్పుడు సైలెన్సర్ బదులు దోమతెర ఇచ్చి పంపింది.)

ఆ దోమతెర చంకలో పెట్టుకుని మెట్లు దిగుతూ కాకా ఉడికిపోయాడు. "ఆంటీ మనల్ని ఆడిస్తున్నది ర. ఒక ఇంట్ల ఒక సైలెన్సర్ దొరకకపోవుడు ఏంది? అదేమన్న సూదా?" నాకూ విసుగ్గానే ఉంది. డిపార్ట్‌మెంట్ ఫెస్ట్ దగ్గర పడుతోంది. ఆ రోజు కారులో దిగి ఎవరో ఒకరి దృష్టిలో పడాలని నా ఆశ. (ఎవరో ఒకరు అంటే ఎవరో నాకు స్పష్టంగా తెలుసు. ఆ అమ్మాయికే తెలియదు.)

తరవాతి ఆదివారం తలుపు అంకుల్ తీశారు. ఆంటీకి ఒళ్లు వెచ్చగా ఉందని, మందు వేసుకుని పడుకుందని చెప్పారు. మేం తిరిగి వెళ్లబోతుంటే, "ఆగండి" అని, చప్పుడు కాకుండా పక్క గది తలుపు తెరిచారు. అది ఆ అబ్బాయి గది. మంచం మీద పరుపు మీద ఉతికిన దుప్పటి, దుప్పటి మీద కారు సామాను. ఎయిర్ ఫిల్టరు, గొట్టాలు, మీటర్లు, మూల పెద్ద సైలెన్సరు, అన్నీ తుడిచి, నూనె రాసి, చీర ముక్కలు పరిచి వరసగా పెట్టి ఉన్నాయి. పసిపిల్లలను పడుకోబెట్టినట్టు ఉన్నాయి. అంకుల్ మా మొహాలు చూడకుండా చెప్పారు. "మొదటినుంచీ ఇక్కడే ఉన్నాయి బాబూ. ఒక్కొక్కటే ఇస్తోంది. అన్నీ ఒకేసారి ఇస్తే మీరింక రారని. మీకెందుకు ఇన్ని తిరుగుళ్లు, ఇవాళ పట్టుకెళ్లిపోండి. నేను చెప్పుకుంటాలే."

కాకా అప్పటికే సైలెన్సరు రెండు చేతులా ఎత్తాడు. ఎన్ని వారాలుగానో తిట్టుకున్న వస్తువది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తరవాత మెల్లగా వంగి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. "ఇప్పుడేం తొందర లేదు అంకుల్. మాకు పరీక్షలున్నయి" అన్నాడు. పరీక్షలు లేవు. నేను కూడా "అవునంకుల్, చాలా ఉన్నాయి" అన్నాను. ఫెస్ట్ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదని చెబితే గొప్పకు చెప్పినట్టుంటుంది. గుర్తొచ్చింది. కాస్త బాధగానే గుర్తొచ్చింది. అంకుల్ కిటికీ వైపు తిరిగి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "కాఫీ పెడతాను" అన్నారు. జీవితంలో అంత ఘోరమైన కాఫీ నేను తాగలేదు. ఇద్దరం పూర్తిగా తాగాం. రోడ్డు మీదికి వచ్చాక కాకా చాలాదూరం తన అరచేతులు చూసుకుంటూ వచ్చాడు. చివరికి, "ఆ సైలెన్సర్ మస్తు బరువున్నది ర భయ్" అన్నాడు.

ఫెస్ట్‌కు నేను నడిచి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను చూడలేదు. (కారులో వెళ్లినా చూసేది కాదని ఇప్పుడు తెలుసు.) ఆంటీ కోలుకున్నాక మళ్లీ ఆదివారాలు మామూలే. మేం అడగడం మానేశాం, ఆవిడే ఇచ్చేది. ఒక రోజు సైలెన్సరు తెచ్చి గుమ్మంలో పెట్టి, తప్పు చేసినదానిలా చేతులు తుడుచుకుంటూ, "ఇక ఏమీ లేవు నాన్నా" అంది.

మౌలాలి మెకానిక్ అన్నీ బిగించాడు. ఎవరినో పిలిపించి, లాప్‌టాప్ తగిలించి, ఇంజిన్‌కు కొత్త బుద్ధులు నేర్పించాడు. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. అదే సాయంత్రం, ఎండ ఉండగానే, ఆంటీని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, కాకాను వెనక కుక్కి, తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి తిప్పాను. "అబ్బబ్బ, ఇదేం చప్పుడు! ఈ చప్పుడుకే రోజూ తిట్టేదాన్ని వాణ్ణి" అంటూ చెవులు మూసుకుంది. మూసుకుంది గానీ ఆపమనలేదు. ముందు మొదటి స్పీడ్ బ్రేకరు కనిపించింది. బండి కింద తగులుతుందేమో, ఆవిణ్ణి దిగమని ఎలా అడగాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆవిడే తలుపు తీసుకుని దిగిపోయింది. రోడ్డు పక్కకు నడిచి, ట్రాఫిక్ కానిస్టేబుల్‌లా చెయ్యి ఊపింది. "తిన్నగా కాదు నాన్నా, వాలుగా ఎక్కించు! ముందు ఎడమ చక్రం! ఆఁ, అట్లా, మెల్లగా!" కారు గీసుకోకుండా దాటింది. కాకా నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఆంటీ, మీకెట్ల ఎరుక?"

"ఎందుకు తెలీదు? ఈ స్ప్రింగులు మొదటిసారి వేసినప్పుడు ప్రతి బ్రేకరు దగ్గరా నన్ను దింపేవాడుగా. 'అమ్మా, నువ్వు దిగితేగానీ ఇది లేవదు' అని. నా లావు మీద జోకులు. మార్కెట్టుకు కారులో తీసుకెళ్తానని చెప్పి సగం దూరం నడిపించేవాడు వెధవ." చెబుతూ నవ్వింది. నవ్వు ఆగలేదు. అక్కడే ఫుట్‌పాత్ అంచున కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది నవ్వు కాదని మాకు తెలిసింది. నడకకు వచ్చినవాళ్లు పక్కనుంచి తప్పుకుని వెళ్లారు. నేను ఏం చేయాలో తోచక ఇంజిన్ ఆపబోయాను. ఆవిడ తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం ఊపింది. "ఆపకు నాన్నా. కాసేపు మోగనీ."

మోగింది. మేమిద్దరం చెరో పక్కా నిలబడ్డాం.

ఆ తరవాతి ఆదివారం వచ్చింది. తీసుకోవాల్సిందేమీ లేదు, అడగాల్సిందేమీ లేదు. హాస్టల్ గదిలో కూర్చుని ఇద్దరం ఫోన్లు చూసుకున్నాం. మెస్ బెల్లు మోగాక కాకా లేచి చొక్కా వేసుకున్నాడు, నేనూ వేసుకున్నాను. ఆంటీ తలుపు తీసి, మమ్మల్ని చూసి తికమక పడింది. "అన్నీ ఇచ్చేశాను కదా నాన్నా. ఏమన్నా పాడైందా?" కాకా చెప్పులు విప్పుతూ, "ఏం పాడు కాలే ఆంటీ, ఆకలైతున్నది" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ద్వారబంధం పట్టుకుని నిలబడి, "చేతులు కడుక్కోండి" అంటూ గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చి నేను చెన్నై వెళ్లేటప్పుడు కారు అమ్మేశాను. ఆంటీకి భయపడుతూ చెబితే, "అమ్మేయ్, ఇంటి ముందు ఊరికే పడి ఉంటే తుప్పు పడుతుంది" అంది. అంకుల్ రిటైరయ్యాక వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. ఇప్పుడు నాది చప్పుడు చేయని కారు. అందులో మా పాప నిద్రపోతుంది. ఆదివారాలు ఆంటీకి ఫోను చేస్తాను. "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. తిన్నానంటే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుందని నాకు తెలుసు. అందుకని, భోంచేసి లేచి చెయ్యి తుడుచుకుంటూనే, "ఇంకా లేదాంటీ" అంటాను. ఇక చూడండి, నాకు, నా భార్యకు, నన్ను పనిలో పెట్టుకున్న కంపెనీకి కలిపి చీవాట్లు. నా భార్య ఎదురుగా కూర్చుని, నేను ఖాళీ చేసిన కంచం వైపు, నా మొహం వైపు చూసి తల కొట్టుకుంటుంది. ఇంత వయసొచ్చి అన్నం దగ్గర అబద్ధాలాడుతున్నందుకు నాకూ నవ్వొస్తుంది. ఫోను మాత్రం పెట్టను.