బోణీ కాకముందు పత్తర్‌గట్టిలో

ఉదయం ఏడున్నరకు జనగామలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి ఇంట్లో ఎవరినీ చెయ్యి చాచి అడగాల్సిన పని లేదు. వెళ్లేది సరిత వైభవం కళ్లారా చూడటానికి. ఇద్దరం ఒకే మగ్గం మీద జాకెట్లకు పూసల పని నేర్చుకున్నాం. నా పనే నాజూకని నేర్పినావిడ అనేది. ఎవరైనా వచ్చి అడుగుతారని నేను ఇంట్లో కూర్చున్నాను. సరిత పట్నం వెళ్లి, పురానాపూల్‌లో గది తీసుకుని పత్తర్‌గట్టి దుకాణాలకు జాకెట్ ముక్కలు వేస్తోంది. ఆమె పెట్టే ఫోటోలు చూసిన రోజు నాకు అన్నం సహించదు.

"దోస్తును చూడనీకి గింత పెద్ద సంచా?" అంది పక్క సీటు పెద్దమ్మ.

"బట్టలు పెద్దమ్మా," అన్నాను. అందులో నేను కుట్టిన ముక్కలున్నాయి. సరితకూ చెప్పలేదు.

పదిన్నరకు ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, నయాపూల్ దాటి నడిచాను. సరిత ఎదురొచ్చి చాయ్ తాగించింది. పదకొండుకు షట్టర్లు లేస్తుంటే ఆమెకు ఫోన్ వచ్చింది. ఇదే అదననుకుని ఎదుటి దుకాణంలోకి దూరి నా ముక్కలు పరిచాను.

గల్లాపెట్టెకు ఊదు పొగ పడుతున్న ముసలాయన తలెత్తాడు. "ఇంక బోణీ గాలె. పైసలు బయటికి పోయే ముచ్చట ఇప్పుడేనా? మూసెయ్యమ్మా."

తల కొట్టేసినట్టయింది. బయట సరిత నవ్వలేదు. అది ఇంకా మండించింది.

"నన్ను గూడ గిట్లనే ఎల్లగొట్టిండ్రు. ముందుగాల మనమే ఏదన్న కొనాలె. మన చేతితోని బోణీ అయితె మన సరుకు చూస్తరు. తే, నీయి నా సంచిల వెయ్యి, నేనే అమ్మిపెడ్త."

ఎవరో వచ్చి అడగాలని ఇన్నేళ్లు కూర్చున్నందుకు, చివరికి అడిగింది ఈమె. "వద్దు," అని పక్క దుకాణానికి ఒక్కదాన్నే వెళ్లాను. జరీ లేసు కొన్నాను. యజమాని నా నోటును కళ్లకద్దుకున్నాడు. అప్పుడు సంచి విప్పాను. ఆయన ముక్కను తిరగేసి ముడులు చూశాడు.

"పని సాఫ్ ఉంది. సరిత కుట్టిందా?"

"కాదు భాయ్. నేనే. నా పేరు రమ."

రెండు ఉంచుకుని, మళ్లీ తెమ్మన్నాడు.

సరుకుతో వెళ్లేవాళ్లకు ఒక మాట. పదకొండుకు ముందు అక్కడ ఏ షట్టరూ లేవదు, కొనకుండా సంచి విప్పొద్దు. తిరుగు బస్సు ఉప్పల్ దాటుతుండగా సరిత ఫోన్ చేసింది.

"ఎన్ని తీసుకుండు?"

"రెండు."

"నాది మొదటిసారి ఒక్కటే తీసుకుండు," అంది.

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. జనగామ దాకా హాయిగా నిద్రపోయాను.