మచ్చలపెట్టకు వేసిన కుట్లు

మా మరదలంత పిరికి మనిషిని నా యాభై ఎనిమిదేళ్లలో నేను చూడలేదు. ఈ మాట ఆమె ముందే అంటాను, ఆమె కూడా ఒప్పుకుంటుంది. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడుతుంది. ఎవరైనా తలుపు గట్టిగా తడితే చేతిలో కత్తెర జారి కింద పడుతుంది, ఆ చప్పుడుకి మళ్లీ ఉలిక్కిపడుతుంది. అలాంటి మనిషి కుట్టుమిషన్ ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి తొణకదు. ఆమె వేసిన కుట్టు ఊడిందని ఇరవై రెండేళ్లలో ఒక్కరు కూడా తిరిగి రాలేదు. బట్ట చిరగాలే గానీ టైలరమ్మ కుట్టు వదలదని మా వీధిలో అందరూ అంటారు. టైలరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మా తమ్ముడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ, వెనక పెరడు ఇద్దరికీ ఉమ్మడి. నేను బేకరీలో బ్రెడ్డు కోసి కవర్లలో పెట్టే పని చేస్తాను. తెల్లవారకముందే పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, తమ్ముడు ఊళ్లో లేని రోజుల్లో నేను పూర్తి మొగుడినే అనుకోండి. మరదల్ని కసిరేదీ నేనే, ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే వండి పెట్టేదీ నేనే.

ఏడాదిన్నర కిందట తమ్ముడు ఒక అట్టపెట్టెలో నాలుగు కోడిపిల్లల్ని తెచ్చాడు, ఒంటరిగా ఉండే భార్యకు తోడుగా ఉంటాయని. పిరికిదానికి కోళ్లు కాపలానా, కోళ్లకు పిరికిది కాపలానా అని నేను ఎగతాళి చేశాను. అవి పెరిగి పెద్ద పెట్టలయ్యాయి. నల్లది, ఎర్రది, తెల్లది, మచ్చలది. మా మరదలు పేర్లేమీ పెట్టలేదు గానీ పిల్లల్లాగే చూసుకునేది. మచ్చలది మరీ గారాబం. ఈమె మిషన్ తొక్కుతుంటే పక్కన గుడ్డపీలికల మీద చేరి కునికేది. గుడ్డు పెట్టినా పెట్టకపోయినా దానికి మేత ముందు.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు వీధి కుక్క ఒకటి పెరటి గోడ దూకింది. నేను వెళ్లేసరికి పెరడంతా ఈకలే. గోధుమరంగు కుక్క ఎర్రపెట్టను నోట కరుచుకుని మళ్లీ గోడ ఎక్కేస్తోంది. తెల్లది నీళ్ల డ్రమ్ము వెనక ఇరుక్కుని ఉంది, దానికేం కాలేదు. నల్లదానికి తోక ఈకలన్నీ ఊడిపోయాయి, కళ్లు మూసుకుని ఉన్నచోటే కూలబడింది. మచ్చలది మూలకు ముఖం పెట్టి పడి ఉంది. వీపు మీద అరచేయంత తోలు లేచిపోయి లోపలి ఎర్రటి కండ కనిపిస్తోంది. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. మా మరదలు గుమ్మంలో నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వచ్చి మచ్చలదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఇంతసేపూ ఏం చేస్తున్నావని అడిగాను. అప్పుడు చెప్పింది.

"మొదటి అరుపు నుంచీ విన్నాను వదినా. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తియ్యలేకపోయాను."

ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేదు. గజగజ వణుకుతూ తలుపు వెనక నిలబడ్డావా, ఒక చీపురు విసిరినా పారిపోయేది కదా, నీ పిరికితనం తగలెయ్య, ఎర్రదాని ఉసురు నీకే తగులుతుంది అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇప్పుడు రాయలేను. ఆమె అంతా విని, కోడి మెడ కింద వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసింది.

"ఇది పోతే నేను చంపినట్టే. దీన్ని నేను పోనివ్వను," అంది.

పశువుల డాక్టరు మా వైపు శుక్రవారం ఒక్కరోజే వస్తాడు. అది మంగళవారం. మిగిలిన రోజుల్లో ఆయన గదికి తాళం. సరే, ఉప్పు వేసి నీళ్లు మరిగించాం. చల్లారాక గాయం కడిగి చుట్టూ ఈకలు కత్తిరించాం. తర్వాత మా మరదలు సన్నటి సూది, దారం అదే నీళ్లలో ఉడికించి మిషన్ బల్ల మీద తువ్వాలు పరిచింది. నేను కోడి కాళ్లు పట్టుకున్నాను. సూది చేతిలోకి వచ్చేసరికి ఆమె వణుకు ఆగిపోయింది. లేచిన తోలును రెండు వేళ్లతో దగ్గరకు చేర్చి, చొక్కా భుజానికి వేసినట్టు వెనక్కి తిప్పి తిప్పి పది కుట్లు వేసింది. రెండు కొసలా ముడి బిగించింది. ఎక్కడా సందు లేదు. అంత చక్కటి పని నేను చూడలేదు, మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. నేను ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు.

నల్లదాన్నీ మచ్చలదాన్నీ ముందుగదిలోకి తెచ్చుకుంది. మిషన్ కింద అట్టపెట్టె, అందులో మెత్తటి పీలికలు, వెచ్చదనానికి పైన ఒక బల్బు. నల్లదానికి దెబ్బ కంటే బెదురే ఎక్కువ. అది కాస్త తేరుకుని చేసిన మొదటి ఘనకార్యం పక్కదాని గాయం మీద ఎర్రగా కనిపించినచోట పొడవడం. కోళ్ల బుద్ధి అంతే, ఎరుపు కనిపిస్తే చాలు. అందుకని మా మరదలు స్కూలు యూనిఫాం గుడ్డతో మచ్చలదానికి ఒక చిన్న కోటు కుట్టింది. రెక్కలకు రెండు కంతలు, పొట్ట కింద గుండీ, వీపంతా కప్పేస్తుంది. ప్యాంటు కోసం వచ్చిన మాస్టారు దాన్ని చూసి, కోడికి ఒక్కపూటలో యూనిఫాం అయిపోయింది, నా ప్యాంటుకు మాత్రం పది రోజులా అన్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పెట్టెలో తలపెట్టి ఊపిరి వింటోంది.

ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో కూర్చుంటే నాకూ భయమేసేది. బుధవారం సాయంత్రం ఆ కుక్క మళ్లీ వచ్చి గోడ మీద ముందుకాళ్లు పెట్టి పెరట్లోకి చూసింది. రుచి మరిగిందన్నమాట. మేం వంటింటి కిటికీలోంచి చూస్తున్నాం. మా మరదలు నా మోచెయ్యి పట్టుకున్న పట్టుకు గోళ్లు దిగాయి. అది పోయాక కిటికీలు మూసింది, వెనక తలుపుకు బల్ల అడ్డం పెట్టింది, తెల్లదాన్ని కూడా లోపలికి తెచ్చేసింది. బయట స్కూటర్ ఆగినా పెట్టె వైపు పరిగెత్తేది. మచ్చలది కళ్లు మూస్తే పోయిందేమోనని లేపేది. పడుకోనియ్యవే తల్లీ అని నేను మొత్తుకునేదాన్ని. చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్కే పట్టేది, గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఎక్కడో విన్నదట. ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపి వేలితో పెట్టేది. కోడికి గుడ్డు తినిపించడం నేను అప్పుడే చూశాను. కోటు మాత్రం విప్పేది కాదు. విప్పితే కుట్టు కదులుతుందని భయం.

శుక్రవారం నేను బేకరీ నుంచి వచ్చేసరికి ముందుగదిలో వాసన. మందు వాసన అంది మా మరదలు. మూడు రోజులుగా వేసిన మందు లేదు, ఇంక మందు వాసన ఎక్కడిది? నేనే కోటు గుండీ తీశాను. కుట్టు ఎక్కడిదక్కడే ఉంది, ఒక్క పోగు కూడా కదల్లేదు. దాని కింద వీపంతా ఉబ్బి బిగుసుకుపోయింది, చెయ్యి పెడితే సెగ. తోలు అంచులు ఆకుపచ్చగా తిరిగాయి. కోడి కళ్లు తెరవలేదు. మెడ పక్కకు వాలిపోయింది. చెప్పులు వేసుకోకుండానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన డెయిరీకి వెళ్లే తొందరలో ఉన్నాడు, అక్కడ ఆవులకు జబ్బు చేసింది. మోటారుసైకిలు మీద కూర్చునే విన్నాడు. "కరిచిన గాయాన్ని అలా మూసేస్తారా అమ్మా? కుక్క నోటి విషమంతా లోపలే ఉండిపోయింది. కుట్లన్నీ విప్పండి, చీము పోనివ్వండి. గాయం తెరిచే ఉంచండి, కింద నుంచి అదే మానుతుంది. రేపటిదాకా ఆగితే బతకదు," అన్నాడు. గాయం మీద చల్లడానికి ఒక పొడి, నీళ్లలో కలపడానికి ఒక మందు ఇచ్చి వెళ్లిపోయాడు.

వచ్చి చెప్పాను. మా మరదలు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఎవరి బట్ట మీదా వదులుగా ఒక్క కుట్టు వెయ్యని మనిషి, తన కుట్టే దాన్ని చంపుతోందంటే ఎలా ఉంటుంది? నావల్ల కాదు వదినా, విప్పేటప్పుడే పోతే నేను తట్టుకోలేను అంది. నీ వల్ల ఏదవుతుంది గనక, ఇలా తే అని నేను కత్తెర లాక్కున్నాను. నేను ధైర్యవంతురాలిని కదా, ఊరందరికీ చెప్పుకుంటాను కదా.

కోడి మీదకు వంగాను. వాసన ముఖాన కొట్టింది. కత్తెర మొన మొదటి ముడి కిందికి పోనివ్వాలి. నా చెయ్యి వణుకుతోంది. ఆపుదామంటే ఆగడం లేదు. మొన తోలుకు తగిలి కోడి కాలు కొట్టుకుంది, నేను వెనక్కి అడుగు వేశాను. ఆ క్షణంలో ఎందుకు వచ్చిందో ఆ మాట, నోటివెంట వచ్చేసింది.

"అమ్మాయ్, మంగళవారం ఆ అరుపులు నేనూ విన్నాను."

నిజమే. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గుడ్డు పెట్టి కూస్తోందేమో అనుకున్నానని అందరికీ చెప్పాను. గుడ్డు పెట్టిన కూతకూ ఆ కూతకూ తేడా తెలియనంత అమాయకురాలిని కాదు. కుక్క గుర్రుమనడం కూడా వినిపించింది. నేను పెరట్లోకి వెళ్లింది అంతా అయిపోయాక, చప్పుడు తగ్గాక.

మా మరదలు నా వైపు చూడలేదు. కోడినే చూస్తోంది.

"తెలుసు వదినా. గోడకు అవతల మీ కుర్చీ జరిగింది. మీరు లేచారు కదా, వెళ్తారులే అనుకున్నాను."

తెలిసీ మూడు రోజులు నా తిట్లన్నీ పడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నా చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది. సొరుగులోంచి కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి మరిగే నీళ్లలో ముంచింది. కాళ్లు గట్టిగా పట్టుకోండి, అటు తిరిగి ఉండండి అంది. ఈసారి ఆమె చేతులూ వణుకుతున్నాయి. వణుకుతూనే మొదటి కుట్టు తెంపింది. రెండోది, మూడోది. నాలుగో కుట్టు తెగగానే చీము ఎగజిమ్మి ఆమె మణికట్టు దాకా పడింది. అప్పటిదాకా చచ్చినట్టు పడున్న కోడి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు మా మరదలు కూడా ఏడ్చింది. ఏడుస్తూనే మిగిలిన ఆరూ విప్పింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు, పొద్దునా సాయంత్రం ఆ పచ్చిగాయాన్ని ఆమే కడిగింది. నేను పట్టుకునేదాన్ని, ఆమె కడిగేది. ఉప్పునీళ్లు తగిలిన ప్రతిసారీ అది కేకలు పెట్టి ఆమె చేతిని పొడిచేది. ఆ చెయ్యి నిండా గాట్లు. రేపు పోతుంది, ఎల్లుండి పోతుంది అనుకుంటూనే పడుకునేవాళ్లం. గాయం డాక్టరు చెప్పినట్టే అడుగు నుంచి కొద్దికొద్దిగా పూడింది. ఐదో రోజున అది తనంతట తాను నూక తింది. తొమ్మిదో రోజున పెట్టె అంచు ఎక్కింది.

తమ్ముడు వచ్చి పెరటి గోడ మీద ఇనప వల కట్టించాడు. నెల తిరిగేసరికి మూడు పెట్టల్నీ బయటికి వదిలాం. మచ్చలది కాస్త ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది, వీపు మీద ఈకలు ఇంకా రాలేదు. ఆ పొద్దున నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. మా మరదలు నూక గిన్నె పట్టుకుని బో బో అంటూ బయటికి వచ్చింది. నల్లదీ తెల్లదీ పరిగెత్తుకొచ్చాయి. మచ్చలది ఆమెను చూడగానే రెక్కలు విదిల్చుకుని, పడుతూ లేస్తూ వచ్చి నా కాళ్ల వెనక దూరింది. గుండె కొట్టుకోవడం నా పిక్కలకు తెలుస్తోంది. ఆమె ఇంకో అడుగు వేస్తే అది ఇంకా లోపలికి ముడుచుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నీ ప్రాణం నిలబెట్టింది ఎవరే, విశ్వాసం లేని ముండా అని దాన్ని బయటికి లాగబోయాను.

"తిట్టకండి వదినా. భయపడనివ్వండి," అంది మా మరదలు. కళ్లలో నీళ్లున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఆ శుక్రవారం దానికి భయపడే ఓపిక కూడా లేదు."

నూక గిన్నె నా కాళ్ల దగ్గరికి జరిపి, వెనక్కి నాలుగు అడుగులు వేసి నిలబడింది.