హెలెన్ గారి ఎడమ తలుపు

వాల్‌నట్ చెక్కకు చిత్రిక పడితే ఒక వాసన వస్తుంది. కాస్త చేదు, కాస్త ఘాటు. నిన్న కెనడాలో, గ్వెల్ఫ్‌లోని నా షెడ్డులో ఒక పాత బల్ల కాలుకు చిత్రిక పడుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి చేయి ఆగిపోయింది. పాపారావు గారు వెనకాల నిలబడి "ఏటమ్మాయ్, చెక్కని చెక్కుతున్నావా, బుజ్జగిస్తున్నావా?" అంటారేమోనని నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఆయన పోయి నాలుగేళ్లయింది.

ఆయనది విజయనగరం వైపు. ఇక్కడి ఒక ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు ప్యాటర్న్ మేకరుగా చేశారు. అంటే, ఇనుమును పోత పోయడానికి ముందు ఆ భాగం నమూనాను చెక్కతో తయారుచేసే పని. రిటైరయ్యాక తన గరాజ్‌లో పాతకాలం ఫోనోగ్రాఫులు, అంటే రికార్డులు పాడే చెక్కపెట్టెలు, బాగుచేసేవారు. లోపలి యంత్రాన్ని బాగుచేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పోయిన చెక్కకు జోడీ వెతికి పెట్టేవాడే లేడని ఆయన బాధ. నేను ఆయన దగ్గరికి మొదట వెళ్లింది విరిగిన కుర్చీ పట్టుకుని. అప్పటికి నా ఐటీ ఉద్యోగం ఊడి ఏడు నెలలు. మిల్టన్‌లోని టౌన్‌హౌస్‌లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేదాన్ని. ఎవరైనా "ఏం చేస్తున్నారండీ?" అని అడిగితే ఏడుపొచ్చేది. ఆయన కుర్చీ అందుకోలేదు. గరుకు కాగితం నా చేతిలో పెట్టి, "కుర్చీ నీది. నువ్వే రుద్దు" అన్నారు. ఒళ్లు మండింది. అయినా రుద్దాను. మర్నాడు ఎవరూ పిలవకుండానే మళ్లీ వెళ్లాను.

ఏడాది తిరిగాక హెలెన్ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. వాళ్లమ్మ నాటి ఫోనోగ్రాఫ్ వాల్‌నట్‌తో చేసిన చిన్న బీరువాలా ఉంటుంది, ముందు రెండు తలుపులు, వాటి వెనక రికార్డులు. ఎడమ తలుపు ఎప్పుడో పోయింది. "వసంతంలో సీనియర్స్ హోమ్‌కి మారుతున్నాను. ఆ చిన్న గదిలోకి ఇదొక్కటే తీసుకెళ్తాను. అమ్మ ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా చూసుకోవాలని ఉంది" అన్నారామె. పాపారావు గారికి అప్పటికే చేతులు వణకడం మొదలైంది. ఆమె వెళ్లాక ఆ చేతులు నాకు చూపించి, "వీటివల్ల కాదమ్మా. తలుపు నువ్వే చేస్తావు" అన్నారు.

ముందు ఆ చెక్క దొరకాలి కదా! శరదృతువంతా వేలంపాటలు, పాత కొట్టాలు తిరిగాను. చివరికి ఆన్‌లైన్‌లో అదే మోడల్ తలుపు కనబడితే మాంట్రియల్ నుంచి తెప్పించాను. కొలత అచ్చంగా సరిపోయింది, ఎగిరి గంతేశాను. పాపారావు గారు దాన్ని కుడి తలుపు పక్కన పెట్టి, రెండింటినీ పగటి వెలుతురులోకి లాగి, పెదవి విరిచారు. "చారలు చూడు. అది అటు, ఇది ఇటు."

"ఎవరు చూస్తారు అంకుల్? కొంచెం స్టెయిన్ రంగు వేస్తే మ్యాచ్ అయిపోతుంది."

"ఆవిడ చూస్తుంది. పుట్టినకాడ నుంచి దాన్నే చూస్తోంది" అని కసిరారు. కోపం చల్లారాక అన్నారు: "ఫోనోగ్రాఫ్ తలుపు కోసం వెతకడం మానెయ్. ఆ రోజుల వాల్‌నట్ కోసం వెతుకు. మంచమైతే ఏటి, బల్లయితే ఏటి."

అంతే, నా వెతుకులాట దారే మారిపోయింది. రెండు వారాల్లో ఒక సెకండ్‌హ్యాండ్ షాపు వెనక గోడకు ఆనించిన పాత మంచం తలవైపు పలక కనిపించింది. తడివేలితో రుద్దితే దుమ్ము కిందనుంచి చారలు తేలాయి. అవే! నేను పెట్టిన కేకకు షాపు ఆవిడ హడలిపోయింది.

ఫిబ్రవరిలో తలుపు బిగించాను. రెండు తలుపులూ మూస్తే కుడిదానిలోని చారలు ఎడమదానిలోకి సాగిపోయాయి. మధ్యన కాగితం కూడా దూరదు. ఆ నెల పాపారావు గారు మాంట్రియల్‌లో కూతురింట్లో ఉన్నారు. ఫొటో పంపితే, "రంగు బాగుంది. సందు ఎంత వదిలావు?" అని మెసేజ్ పెట్టారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. అడిగిన ప్రశ్నకు జవాబుగా బొటనవేలి బొమ్మ ఒకటి కొట్టి ఊరుకున్నాను.

జులైలో హెలెన్ గారు ఫోన్ చేశారు. తలుపులు తెరుచుకోవడం లేదట. రికార్డులన్నీ లోపలే ఉండిపోయాయి, గట్టిగా లాగితే వాళ్లమ్మనాటి తలుపు చీలిపోతుందేమోనని ఆమెకు భయం. వెంటనే వెలిగింది నాకు. ఇక్కడ చలికాలమంతా హీటింగ్‌కు చెక్క ఎండి కుంచించుకుపోతుంది, వేసవి తేమకు ఉబ్బుతుంది. ఎండిన చెక్కకు కొలత తీసి, ఉబ్బడానికి చోటే వదల్లేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను. "అంకుల్, మీరు రండి. ఆవిడకి మీరే ఎలాగోలా చెప్పండి" అని బతిమాలాను.

వచ్చారు. వచ్చి, హోమ్ గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏమైంది మిస్టర్ రావ్?" అని హెలెన్ గారు అడిగితే వణికే చేత్తో నన్ను చూపించి, "ఈ తలుపు చేసింది ఈమె. ఏం తప్పు జరిగిందో ఈమే చెబుతుంది. సరిచేసేదీ ఈమే" అన్నారు. ఆ క్షణాన ఆయన మీద ఎంత కోపమొచ్చిందో! దారిలేక నోరు విప్పాను. "తప్పు నాదేనండీ. చలికాలంలో కొలత తీసి వేసవికి చోటు వదల్లేదు."

"సరిచేయగలవా?" అన్నారామె.

"చేయగలను" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

పల్చటి బ్లేడు దూర్చి, బందులు విప్పి, తలుపు బయటికి తీసేసరికి గంట పట్టింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు, ఒక్క సలహా ఇవ్వలేదు. పాత తలుపు జోలికి పోకుండా నాదాన్ని మాత్రమే అంచున చిత్రిక పట్టాను, పోస్టుకార్డు మందం. మళ్లీ బిగించాక హెలెన్ గారు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. రెండు తలుపుల మీదుగా అరచేయి పోనిచ్చి, "అమ్మ ఉన్నప్పుడు ఇలాగే ఉండేది" అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

బయల్దేరబోతుంటే పాపారావు గారు జేబులోంచి పెన్సిల్ తీశారు. "ఫౌండ్రీలో నమూనా వెనక మా పేరు రాసేవాళ్లం. గొప్పకి కాదు. పోత చెడితే ఎవర్ని పిలవాలో తెలియాలి కదా. రాయి. ఫోన్ నంబరు కూడా." తలుపు లోపలి అంచున 'లలిత' అని రాశాను. తిరుగుదారిలో, నేను డ్రైవ్ చేస్తుండగా, ఆయన కూతురికి ఫోన్ కలిపారు. "మన అమ్మాయి చేసిన తలుపు చూసొస్తున్నాను. జోడీ అంటే అదీ!" అని గట్టిగా చెప్పారు. నాతో మాత్రం ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు, మహానుభావుడు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు చేతులూ తెగ చూసుకున్నాను. ఇవి నా చేతులేనా అని గర్వంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నాకంటూ షెడ్డు ఉంది. నేను చేసి బిగించిన ప్రతి ముక్క వెనకా నా పేరు, నంబరు ఉంటాయి. జులైలో తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది. అయినా ఎత్తుతాను. ఎత్తి, "నేనే చేశానండీ, చెప్పండి" అంటాను.