విద్యుత్తులో మార్పు లేదు

మొన్న ఆదివారం అల్ఫారెట్టాలోని మా తెలుగు సంఘంలో పాస్టరు గారు కీర్తనలో ఒక వచనం చదివి ఆగితే, తర్వాతి వచనం మేమంతా కలిసి చదువుతూ ఉండగా, ప్రభువు నన్ను క్షమించుగాక, నా మనసు ఆరాధన విడిచి ఇరవై ఏళ్ళు వెనక్కి, ఐడహో ఎడారిలో ఫ్లిప్ ఫోను కూడా లోపలికి తేనివ్వని ఒక పరీక్షాశాలకు వెళ్ళిపోయింది.

సూర్యుడి వెలుగు చాలనంత దూరం వెళ్ళే అంతరిక్ష నౌకకు, ప్లుటోనియం తనంతట తాను ఇచ్చే వేడిని విద్యుత్తుగా మార్చే జనరేటరు ఒకటి అమరుస్తారు. రాకెట్టు కుదుపులకు అది తట్టుకుంటుందో లేదో తేల్చడానికి దాన్ని కంపించే బల్లకు బిగించి ఊపి, ముందూ తర్వాతా ఎంత విద్యుత్తు ఇస్తోందో కొలవడమే మా పని. తగ్గిందంటే అంతా విప్పి వెతకాలి; గ్రహాలు మన కోసం ఆగవు కనుక ఆ ప్రయాణం మళ్ళీ ఏళ్ళ తరబడి వాయిదా పడేది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, మా పెద్దాయన ఒక్కో అడుగూ కాగితం చూసి బిగ్గరగా చదివేవాడు, పని చేసినవాడు బిగ్గరగా బదులు పలకాలి, పలికింది తనిఖీ అధికారిణి రాసుకునేది, బదులు రానిదే తర్వాతి అడుగు లేదు. ఊళ్ళో చర్చి నడిపే ఉపదేశి కొడుకుని, మాటలు వచ్చిన నాటి నుంచీ గుడిలో అలా బదులు పలుకుతూ పెరిగినవాణ్ణి. మీలో నా ఈడు వాళ్ళకు ఆ అలవాటు ఎంత లోతుగా దిగుతుందో తెలుసు. అదే నా కొంప ముంచింది.

పౌరసత్వం వచ్చాక మొదటిసారి మీటరు ముందు కుర్చీ నాకిచ్చారు. ఊపడం ముగిసింది. పెద్దాయన విద్యుత్తు ఎంతో చెప్పమని చదివాడు. చూశాను. ముందు ఎంత ఉందో అంతే, దశాంశంతో సహా! అంకె చెప్పాల్సిన నోరు గది అదిరేలా “ఆమేన్” అంది.

బామ్మ వయసున్న ఆ అధికారిణి కళ్ళజోడు పైనుంచి చూసి, “అంకె చెప్పు నాయనా, ఆమేన్ నా గడిలో పట్టదు,” అంది తన ఇంగ్లీషులో. కుర్చీ పోయిందనుకుంటూ అంకె చెప్పాను. ఆమె రాసుకుంది. కాగితంలో లేనిది ఏది జరిగినా నమోదు కావాలన్నది నియమం కనుక, కింద మరో వాక్యం రాసి నింపాదిగా చదివింది: “మీటరు చదివే వ్యక్తి అదనంగా ఒక మాట పలికాడు. విద్యుత్తులో మార్పు లేదు.”

బదులు పలకాల్సింది పెద్దాయన. ముఖంలో నవ్వు రానివ్వకుండా “ఆమేన్” అన్నాడు. ఇక ఆ గదిలో నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “చర్చ్‌లో కునుకు తీస్తారు, ఆఫీస్‌లో మాత్రం ఆమేన్లా! బాగుందండీ వరస,” అంది.

ఆ నౌక వెళ్ళింది. ఏటా కొంచెం తగ్గుతూనే అయినా ఆ వేడి ఇంకా దాన్ని నడిపిస్తోంది. ఇప్పుడు అక్కడ అడుగులన్నీ తెర మీదే వస్తాయట, వేలితో నొక్కితే చాలట. సంఘంలోనూ సగం మంది ఫోన్లలో కళ్ళతోనే చదువుకుంటున్నారు. తప్పు పట్టను. మొన్న మాత్రం, తెలుగు అక్షరాలు రాని మా మనవరాలు చివరి ఆమేన్ కోసమే కాచుకుని కూర్చుని, అమెరికా యాసలో అందరికంటే ముందే గట్టిగా పలికేసింది. నలుగురూ వెనక్కి తిరిగారు, మా అమ్మాయి “ష్” అంది. నేను మురిసిపోయాను, అది రాసిపెట్టుకునే ఆ బామ్మ పక్కన లేదే అని మాత్రం కాస్త బెంగగా అనిపించింది.