ఎండలో పెట్టిన ఏటి నీళ్లు

నీటి పరీక్ష రిపోర్టులో అడుగున ఒక గడి ఉంటుంది. 'నమూనా సేకరించినవారు' అని అచ్చువేసి, పక్కన పేరూ సంతకమూ. మూడేళ్లుగా నెలకొకటి చొప్పున వెళ్లిన రిపోర్టులన్నింటిలోనూ ఆ గడిలో త్రినాథ్ పేరే ఉంది. త్రినాథ్ అనకాపల్లిలో ఒక ప్రైవేటు ల్యాబుకి సూపర్‌వైజరు. మంచి బూట్లు వేసుకుంటాడు. ఏటి గట్టు మీద కారు ఆపించి, అద్దం కాస్త దించి, "ఇంకొంచెం లోపలికి దిగమ్మా" అంటాడు. మోకాలి లోతు బురదలోకి దిగేది గంగాభవాని.

ఒకే ఒక్కసారి అడిగిందామె. "సారూ, నా పేరు కూడా రాయొచ్చు కదండీ?"

"నువ్వు కాంట్రాక్టు మనిషివి కదమ్మా. రేపు ఏదైనా గొడవొస్తే నువ్వొచ్చి నిలబడతావా?" అన్నాడు త్రినాథ్. తన మంచి కోరే అంటున్నాడనుకుంది భవాని. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆమెది పూడిమడక. భర్త గుజరాత్ చేపల బోట్ల మీదికి వెళ్తే ఎనిమిది నెలల దాకా ఇల్లు చూడడు. తల్లి రామాయమ్మ నెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఎండబెట్టి అమ్ముతుంది. ఇంటర్లో బైపీసీ చదివిన భవానికి ల్యాబు ఉద్యోగం అంటే బీకరు, తెల్లకోటు గుర్తొచ్చాయి. తీరా చేరాక దొరికినవి ఒక ఐసు పెట్టె, ఒక తాడు, పన్నెండు సీసాలు. నెలకోసారి శారదా నది వెంబడి కొండ దగ్గర మొదలుపెట్టి మొగ దాకా, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటి దాకా, అయిదు చోట్ల నీళ్లు పట్టి తేవాలి. అందులో ఒకటి, కంపెనీ ఫ్యాక్టరీ వాడిన నీళ్లు వదిలే కాలువ ఏట్లో కలిసే చోటు.

ఆ నీళ్లలో ఏముందో ఆమెకు చెప్పింది పావని. ల్యాబులో కెమిస్టు, భవాని కంటే పదేళ్లు చిన్నది. కొండ దగ్గర పట్టిన సీసానూ మొగ దగ్గర పట్టిన సీసానూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"చూడక్కా, ఇది పల్చటి టీ రంగు. కొండ మీద రాలిన ఆకూ కుళ్లిన వేరూ నానిన నీళ్లు. వడగట్టినా పోదు, కరిగిపోయింది కదా. కిందికి వచ్చేకొద్దీ దాన్ని ఎండ విరగ్గొడుతుంది, కంటికి కనబడని క్రిములు తింటాయి. దారిలో చెరుకు పొలాలు వాటి సొంత సరుకు కలుపుతాయి, ఊళ్లు వాటిది కలుపుతాయి. ఉప్పునీళ్లు తగిలాక కొంత ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది. కొండ మీద బయల్దేరిన సరుకు మొగ దగ్గరికి అదే సరుకుగా రాదు."

"మరి కంపెనీ కాలువ కలిసిన కాడ?"

"అక్కడ కలిసేది ఆకు నుంచి వచ్చింది కాదు, ఊరి మురుగు నుంచి వచ్చింది కాదు. నీలం దీపం కింద పెడితే దాని మెరుపే వేరు. అందుకే సీసా బ్రౌన్‌ది వాడాలి, ఐసులో ఉంచాలి, అదే రోజు నాకు చేరాలి."

ఎందుకు చేరాలో ఆ రోజు పావని చెప్పలేదు, భవాని అడగలేదు. చేరుస్తూనే ఉంది. ఒక్క ఫిబ్రవరి నెలలో తప్ప.

ఆ నెల బ్రౌన్ సీసాలు అయిపోయాయి. త్రినాథ్ మామూలు తెల్ల గాజు సీసాలు ఇచ్చి, "ఈ ఒక్కసారికి కానిచ్చెయ్" అన్నాడు. కాలువ దగ్గరా మొగ దగ్గరా నీళ్లు పట్టేసరికి కారుకి వేరే పని పడింది. ఆమెను పూడిమడకలో దింపేసి, సోమవారం వచ్చి తీసుకెళ్తామన్నారు. ఆ రోజు శుక్రవారం. శనివారం పొద్దుటికే పెట్టెలో ఐసు నీరైపోయింది. సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. నీళ్లు కుళ్లిపోతాయేమో అనుకుంది భవాని.

పూడిమడకలో పుట్టినవాళ్లు కుళ్లకుండా ఏం చేస్తారో ఆమె అదే చేసింది. అమ్మ నెత్తళ్లు పరిచిన వల పక్కన, ఇసుకలో, సీసాలు వరసగా నిలబెట్టింది.

"అవేటే?" అంది రామాయమ్మ.

"ఏటి నీళ్లే. ఎండలో పెడితే పాడవ్వవు కదా."

"ఎండలో పెట్టింది ఏదీ కుళ్లదు. కాకులు రాకుండా సూడు, అంతే."

రెండు పగళ్లు సీసాలు ఎండలోనే ఉన్నాయి. ఆదివారం మామూలుగానే భవాని ఎండు చేపల ఫోటో తీసి అనకాపల్లి మార్కెట్లో కొనే బంగారయ్యకు వాట్సాప్‌లో పంపింది. సోమవారం కారొచ్చింది. ఎండలో పెట్టి కాపాడానని త్రినాథ్‌కు చెబితే, "గుడ్" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

పావని అప్పుడు పెళ్లి సెలవులో ఉంది, పరీక్ష ఇంకొకరు చేశారు. తిరిగొచ్చి లెక్కలు చూసి భవానిని పిలిచింది. కాలువ దగ్గర నీళ్లు ఇంత శుభ్రంగా ఎలా వచ్చాయక్కా అని అడిగింది. భవాని ఉన్నదున్నట్టు చెప్పింది. పావని లెక్కల కాగితం పక్కన పెట్టింది.

"రంగుని ఎండ తినేసింది, మిగిలినదాంట్లో చాలావరకు క్రిములు తినేశాయి. నువ్వు తెచ్చింది ఏటి నీళ్లు కాదక్కా. రెండు రోజులు ఎండలో ఉన్న సీసా నీళ్లు."

"ఏటి మీద ఎండ కాయదేటి?"

"కాస్తుంది. కానీ ఏట్లోకి కాలువ రాత్రీ పగలూ పోస్తూనే ఉంటుంది. సీసాలోకి ఎవరు పోస్తారు?"

త్రినాథ్‌కి ఇద్దరూ చెప్పారు. రిపోర్టు వెళ్లిపోయిందన్నాడు. ఎక్కడికి వెళ్లిందో ఏప్రిల్లో తెలిసింది. కంపెనీ ఉత్పత్తిని రెట్టింపు చేయాలనుకుంటోంది, వాడిన నీళ్లన్నీ మొగలోకే వదులుతామంటోంది. దానికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఇప్పటికే ఏరు బాగుందనడానికి చూపిస్తున్నవి ఆ ఫిబ్రవరి అంకెలే.

సభకి షామియానా వేశారు. కుర్చీల కంటే పోలీసులు ఎక్కువున్నారు. భవాని మేనమామ పోతురాజు మొగలో పీతలు పట్టి బతికేవాడు. మైకు ముందుకెళ్లి, "మా పీతలు వండితే కిరసనాయిలు వాసనొత్తన్నాయి బాబూ, కొనేవోడు లేడు" అన్నాడు. వేదిక మీద పెద్దాఫీసరు మర్యాదగానే విన్నాడు. పక్కనున్న త్రినాథ్ కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "పెద్దాయన బాధ అర్థమైంది సార్. కానీ వాసనకి కొలత ఉండదు. ఇవి ల్యాబు కొలతలు."

పోతురాజు వచ్చి మేనకోడలి పక్కన కూలబడ్డాడు. "ఏటే భవానీ, నువ్వక్కడే పన్జేత్తావు కదా. ఆ కాగితం నిజవేనేటి?"

భవాని లెక్కేసుకుంది. అవునంటే మామ నోట్లో మన్ను. కాదంటే రేపటి నుంచి ఉద్యోగం లేదు, భర్త పంపేదాని మీదే ఇల్లు నడవాలి. పైగా ఊరందరి ముందూ చెప్పాల్సింది ఇంకోడి తప్పు కాదు, తన తప్పు. మైకు పట్టుకున్న కుర్రాడు, "ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే ముగించేద్దాం" అన్నాడు. భవాని చుట్టూ చూసి పావని కోసం వెతికింది. ఆమెను సభకి తీసుకురాలేదు. ఆఫీసరు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు.

భవాని లేచింది.

"నా పేరు గంగాభవానండి. ఆ నీళ్లు నేనే తెచ్చేనండి. నేనే పాడుసేసేనండి."

వెనకెవరో నవ్వారు. ఆమె ఆగలేదు. తెల్ల సీసాలు, కరిగిన ఐసు, రెండు రోజుల ఎండ, అన్నీ చెప్పింది. ఆడవాళ్ల వరసలోంచి ఒక గొంతు, "ఓలమ్మా, మన కొంపలు ముంచింది ఇదేనా!" అంది.

త్రినాథ్ నెమ్మదిగా నిలబడ్డాడు. "సార్, ఈవిడ ఎవరో రాసిచ్చింది చెబుతోంది. నమూనా సేకరించింది నేను. రిపోర్టులో చూడండి, ఈవిడ పేరెక్కడైనా ఉందేమో."

ఆఫీసరు కాగితం చివర చూశాడు. "మీ పేరు లేదమ్మా."

మూడేళ్లు నోరు మూసుకున్నందుకు ఇదా అనిపించింది భవానికి.

"అయితే సారుని సెప్పమనండి. కాలువ కాడ దిగితే బురద ఎంతదాకా వత్తాది?"

త్రినాథ్ చేతిలో కాగితంలోకి చూశాడు.

"బూటుకంటితే కదరా తెలిసేది!" అన్నాడు పోతురాజు. జనం గొల్లుమన్నారు. పోలీసు ఒకడు కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు.

"పోన్లెండి. సీసా ఏ రంగుది?"

"బ్రౌన్. రూల్ ప్రకారం బ్రౌనే వాడాం" అన్నాడు త్రినాథ్, ఈసారి వెంటనే.

భవాని ఫోను తీసింది. బంగారయ్యకు పంపిన పాత ఫోటోల్లో వెతికింది. దొరికింది. వల నిండా నెత్తళ్లు. ఒక మూల ఇసుకలో వరసగా తెల్ల గాజు సీసాలు, మీద ల్యాబు చీటీలు, చీటీల మీద భవాని రాసిన తేదీ, చోటు. ఎండకి ధగధగ మెరుస్తున్నాయి. మెట్లెక్కి ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆయన వేళ్లతో పెద్దది చేసి ఒక్కో చీటీ చదివి, రిపోర్టులోని తేదీతో, చోట్లతో పోల్చుకున్నాడు.

"ఈ అంకెలు పక్కన పెడుతున్నాను. అయిదు చోట్లా మళ్లీ నీళ్లు పట్టాలి. ఊరి తరఫున ఇద్దరు సాక్షులుండాలి" అని రాయించాడు.

కిందికి దిగొచ్చిన భవానికి పోతురాజు పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత అన్నాడు. "ఆ సీసాలు మీయమ్మ నెత్తళ్ల పక్కన పెట్టేవేటే? సేపలకి ఆ కంపంటుకోలేదా?"

"మూత బిగించేను మామా."

"అదొక్కటి బాగా సేసేవు."

మర్నాడు ల్యాబు నుంచి ఫోనొచ్చింది, ఇక రావద్దని. దానికి భవాని సిద్ధపడే ఉంది. సిద్ధపడనిది సాక్షుల సంగతికి. మొదటి సాక్షిగా పోతురాజు వేలిముద్ర వేశాడు. రెండో పేరు కోసం ఆమె వారం రోజులు గడప గడపకూ తిరిగింది. ఒకరి కొడుకు రోజూ పనికి కంపెనీ బస్సెక్కుతున్నాడు, ఇంకొకరి అల్లుడు ఎక్కబోతున్నాడు. "నీ మాట నిజవేనమ్మా, మమ్మల్ని మాత్రం లాగకు" అన్నారు. రెండో పేరు దొరకలేదు. వాళ్లని తప్పుపట్టడం తేలిక. రోజూ ఆ బస్సుకి చెయ్యెత్తి అన్నం తినేవాళ్లు వాళ్లు.

అందుకే ఇది చదువుతున్న మీతో ఈ మాట. మీ అన్నం ఆ బస్సులో లేకపోతే, మీరు వెళ్లి నిలబడండి. ఈ ఏటి దగ్గరే అని కాదు, మీ ఊరి పక్కన ప్రవహించే ఏ ఏటి దగ్గరైనా సరే. నీళ్లు పట్టే రోజు ఏదో కనుక్కోండి. సీసాని చూడండి, అది ఎంతసేపట్లో ల్యాబుకి చేరిందో రాసుకోండి, మీ కళ్లతో చూసినదాని కింద మీ పేరుతో సంతకం పెట్టండి. దానికి చదువు అక్కర్లేదు, ఒక్క పూట చాలు. ఆ పూట ఇవ్వండి.