ముల్లు పడిపోయిన కారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాయన నుంచి వచ్చింది కాదు, ఆయన నెమ్మదస్తుడు. ఆయన పోయి ఏడాది దాటింది. పోవడానికి నెల ముందు, మంచం పట్టి ఉండి కూడా, తన పాత కారు ఇంజను విప్పించి బేరింగులు మార్పించాడు. ఆ పని చేసింది రాయదుర్గంలో ఉండే ఆయన స్నేహితుడు, ముప్పై ఏళ్లుగా ఆ కారును చూస్తున్న మెకానిక్కు. మా నాయనను అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు చిన్నాయన.

ఈ ఆషాఢంలో, వాన జాడ లేక గాలి మాత్రమే తోలుతున్న రోజుల్లో, గుమ్మఘట్ట నుంచి వస్తుంటే ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు పడిపోవడం చూశాను. యాక్సిలేటరు తొక్కితే పడిపోతుంది, కాలు తీస్తే లేస్తుంది. కారు ఆపి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. ఆయిల్ ఉండీ ప్రెషర్ లేదంటే బేరింగులు పోయినట్టేనని ఎప్పుడో ఎవరో అనగా విన్నాను. ఏడాదికే ఎలా పోతాయి? కొత్తవని చెప్పి పాతవి వేసి ఉంటాడు, మంచంలో ఉన్న మనిషి లేచొచ్చి చూస్తాడా అనుకుని ఉంటాడు. రాయదుర్గం చేరేసరికి నా అనుమానం నాకు రుజువైపోయింది.

ఆ పొద్దున చిన్నాయన బస్టాండు ఎదురుగా టీ అంగడి ముందు కూర్చుని ఉన్నాడు. నేను కారు దిగీ దిగకముందే అరిచాను. చావుబతుకుల్లో ఉన్నవాడి దగ్గర కూడా కక్కుర్తి పడ్డావన్నాను. బస్సుల కోసం కాచుకున్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కారు తెమ్మని చేత్తో సైగ చేసి షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డులో ఆయన నా మాటనూ నమ్మలేదు, నా మీటరునూ నమ్మలేదు. దాని గొట్టం విప్పి తన ఇత్తడి మీటరు బిగించాడు. ఇంజను వేడెక్కేదాకా కాచుకున్నాడు. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముల్లు బాగానే నిలబడింది. రేసు పెంచగానే కిందికి జారింది. మూడుసార్లు అలాగే చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"బేరింగు పోయింటే నిదానంలో పడిపోవల్ల, రేసు ఇస్తే లేయల్ల. ఇది ఉల్టాగా ఉండాది. యాడో అడ్డం పడి పంపుకు ఆయిల్ అందల్యా," అన్నాడు.

సాకులు చెబుతున్నాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, ఆ మాటా అనేశాను.

ఆయన ఆయిల్ వంపేసి ఇంజను అడుగునుండే తొట్టి విప్పాడు. పంపు మూతికుండే చిన్న తీగ జల్లెడను ఊడదీసి, గుడ్డలో పెట్టి నా ముందుకు తెచ్చాడు. దాని కన్నాలు కనిపించడం లేదు. ఎర్రటి పలచని పొరలు ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. శెనక్కాయ విత్తనం మీదుండే పొర. ఈ జిల్లాలో పుట్టినవాడికి అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

విత్తనానికి శెనక్కాయలు కొట్టించిన రోజు గుర్తొచ్చింది. పెరట్లో మిషన్ ఆడుతోంది, పొట్టూ పొరలూ ఇల్లంతా ఎగురుతున్నాయి. ఆ రోజే, దీనికి కూడా మెకానిక్కు ఎందుకని, కారు ఆయిల్ నేనే మార్చాను. విడిగా కొన్న ఆయిల్‌ను మూత లేని వెడల్పు డబ్బాలో పెట్టి అన్నానికి పోయాను. తిరిగొచ్చేసరికి మీద పొరలు తేలుతున్నాయి. ఆ రోజుల్లో మా ఇళ్లలో అవి అన్నంలో పడతాయి, నీళ్లలో పడతాయి. తీసి పారేసి తింటాం, తాగుతాం. అలాగే పైనున్నవి వేలితో తీసేసి, మిగతాదంతా ఇంజన్లో పోశాను.

ఆయన జల్లెడ కడిగాడు. తర్వాత ఒక బేరింగు విప్పి, టార్చి వేసి చూపించాడు. దాని మీద గీత కూడా లేదు. నేను అడగలేదు. అడగకుండానే ఆయన చూపించాల్సి రావడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తప్పయింది చిన్నాయనా, మన్నించు అన్నాను. ఆయన తలెత్తలేదు.

"అనేది నలుగుర్లో అంటివి. తప్పయిందని ఒగనితో చెప్తాండావు," అన్నాడు.

వెంటనే టీ అంగడికి నడిచాను. బెంచీల మీద జనం నిండుగానే ఉన్నారు, కానీ నేను అరిచినప్పుడు ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. బళ్లారి బస్సూ, కళ్యాణదుర్గం బస్సూ వెళ్లిపోయాయట. అయినా నిలబడి చెప్పాను. ఆ మెకానిక్కు తప్పేమీ లేదు, ఇంజన్లో చెత్త పోసింది నేనే అని గట్టిగానే చెప్పాను. అంగడాయన ఒక్కడే అర్థమైనట్టు తలూపాడు. బెంచీ మీది పెద్దాయన ఒకరు నాకు చోటిస్తూ, ఏ మెకానిక్కప్పా? కూర్చో, నీళ్లు తాగు అన్నాడు. నేను కూర్చోలేదు. పొద్దున నా మాట విన్నవాళ్లు అప్పటికే వాళ్ల ఊళ్లు చేరి ఉంటారు.