నాయన నడుము

బంగారుపేట స్టేషను దగ్గర, మందుల షాపు పైగదిలో నేను నడుములూ మెడలూ సరిచేస్తాను. ఫిజియోథెరపీ చదివి, ఆపైన కైరోప్రాక్టిక్ నేర్చుకున్నాను. బిగిసిన కండను బొటనవేలితో వదులు చేయడం, పట్టేసిన కీలును ఒక్క ఊపుతో కదిలించడం నా పని. ఆ ఊపుకు ‘టక్’మని చప్పుడొస్తుంది. జనానికి ఆ చప్పుడంటే మహా ఇష్టం. అది రాకపోతే వైద్యమే జరగనట్టు మొహం పెడతారు.

మొదట్లో నాకు పేషెంట్లను తెచ్చింది మా నాయనే. చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని మూసేదాకా భూమి లోపల పనిచేసిన మనిషి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఆయనకు లోకంలోని మందంతా పెరటి చెట్టులోనే కనిపించేది. "మా బిడ్డ చెయ్యి పడితే ఇంగ నొప్పి యాడుంటాది?" అని గని కార్మికుల లైన్ ఇళ్లలో ఎదురైనవాళ్లందరికీ చెప్పి పంపేవాడు.

దసరా అయ్యాక ఒకరోజు ఆయనే నడుము పట్టుకుని వచ్చాడు.

"గని నొప్పిలేమ్మా. మా వాళ్లందరికీ ఉండేదే గదా," అన్నాడు.

మా దగ్గర అదొక రోగం పేరు. గనిలో దిగినవాడికి మోకాలు నొచ్చినా వీపు నొచ్చినా గని నొప్పే, ఇంకెవరూ ఏమీ అడగరు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పడుకున్నా నొప్పి తగ్గడం లేదా? ఒళ్లు తగ్గిందా? సాయంత్రాలు జ్వరం వస్తోందా? అవునంటే చెయ్యి వేయను, స్కానుకు పంపిస్తాను. కన్నతండ్రిని కూర్చోబెట్టి అవన్నీ అడగడం నాటకంలా అనిపించింది. అడగలేదు.

బోర్లా పడుకోబెట్టి వారం వారం నొక్కాను. టక్‌మన్నప్పుడల్లా బయట కూర్చున్నవాళ్లకు వినపడేలా "పోయినాదమ్మా!" అని అరిచేవాడు. మెట్లు నిటారుగా దిగేవాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. చూశాను, వయసు మీద పడుతోంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

శివరాత్రికి ముందు ఒక పొద్దున, బస్సు మెట్టు మీదికి ఆయన కాలు లేవలేదు. కోలారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు నా ఎదుటే అవే మూడు ప్రశ్నలు అడిగాడు. మూడింటికీ నాయన అవునన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు డాక్టరు.

"దసరాకు ముందు నుంచీ సార్. పడుకుంటే ఇంగా ఎక్కువ. గోడకానుకోని కూర్చునేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు నాయనా?" అందరి ముందూ అరిచేశాను.

"నీకాడికి వచ్చేవాళ్లంతా నన్ను చూసే గదమ్మా వచ్చినారు," అన్నాడు.

వెన్నెముకకు క్షయ. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో మొదలై ఎముకలోకి దిగిందన్నారు. ఒక పూస కుంగి వెన్నుపామును నొక్కేసింది. అది తనంతట తానే కుంగిందా, నా చేతి కింద కుంగిందా అని డాక్టరును నేను అడగలేదు. భయం వేసింది. ఆపరేషను అయింది, మందులు నడుస్తున్నాయి, నడుము కింద కదలికా స్పర్శా మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఆయన్ను పక్కకు తిప్పాలి. పొద్దున నేను తిప్పుతాను, నేను పనికి వెళ్లాక అమ్మ తిప్పుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లతో ఇప్పటికీ "మా బిడ్డ చెయ్యి..." అంటూనే మొదలుపెడతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఇంకొకరెవరైనా ఆ మాట నమ్మి నా గది మెట్లెక్కుతారని భయం కూడా.

నిన్న తిప్పుతుంటే తుంటి మీద చర్మం ఎర్రబడి కనిపించింది. వేలితో నొక్కి చూశాను.

"నొప్పి ఉండాదా నాయనా? నిజం చెప్పు."

"లేదమ్మా," అన్నాడు.

ఈసారి ఆయన అబద్ధం చెప్పలేదు.